అచ్చును సాగనంపిన రోజు

బరంపురం దాటి గోపాల్‌పూర్ వైపు వెళ్ళే రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు ఉంది. చాలా ఏళ్ళపాటు అందులో రైలు పట్టాలు తయారయ్యాయి. మనుషులు ఎక్కే రైళ్ళవి కాదు. బల్ల మీద నడిచే చిన్న రైళ్ళవి. ఎక్కడో చలిదేశాల్లో, ఉద్యోగాల నుంచి దిగిపోయిన పెద్దమనుషులు ఇంట్లో ఒక గదంతా కొండలూ వంతెనలూ స్టేషన్లూ కట్టుకుని, చిన్న రైళ్ళు నడుపుకుంటారు. పట్టాలు వాళ్ళకు వెళ్ళేవి.

ఈ మాట కాసమ్మ మొదట్లో నమ్మలేదు. పిల్లలు ఆడుకునే వస్తువుకు ఇంత పట్టింపు ఎందుకని అడిగింది. షెడ్డు యజమాని నరసన్న గారు ఎవరో పంపిన ఫొటో ఒకటి తెచ్చి చూపించారు. తెల్లగడ్డం మనిషి నేల మీద బోర్లా పడుకుని, ఒక కన్ను మూసి, రెండో కన్నుతో పట్టా వెంబడి చూస్తున్నాడు. మనవరాలు పక్కన నిలబడి నవ్వుతోంది. ఆడుకునేది ఆయనే. కాసమ్మ ఆ ఫొటోను చాలాసేపు చూసింది. ఆ తరవాత ఎప్పుడూ ఆ ప్రశ్న అడగలేదు.

కాసమ్మది సముద్రం ఒడ్డున ఇసుకలో ఉన్న పల్లె. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి పడవల వెంట వచ్చి అక్కడ నిలిచిపోయారు. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. భర్త లక్ష్ముడు ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్ పడవల మీద ఉంటాడు. వేట ఆపే రోజుల్లో ఇంటికి వస్తాడు. అతను లేనప్పుడు ఆమె ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని బరంపురం వీధుల్లో తిరిగేది. ఆ ఊళ్ళోనే అంకులి పేటలో నరసన్న గారి ఇల్లు ఆమె ఆగే ఇళ్ళలో ఒకటి. ఆయన భార్య చిల్లర కోసం లోపలికి వెళ్ళిన ఒకరోజు, అరుగు మీద ఆరేసిన దోమతెర చిరుగు కాసమ్మ కంట్లో పడింది. చిల్లర వచ్చేలోపు, తెర అంచులోంచి దారం తీసి, వల అల్లినట్టు అల్లేసింది. నరసన్న గారు కిటికీలోంచి ఆ వేళ్ళు చూశారు. మర్నాడు షెడ్డుకు రమ్మన్నారు.

నరసన్న గారు రైల్వేలో డ్రాయింగులు గీసే ఉద్యోగం చేసి, మధ్యలోనే వదిలేసి వచ్చిన మనిషి. పట్టా అచ్చును ఆయనే గీసి, ఆయనే దగ్గరుండి చేయించారు. రెండు ఉక్కు దిమ్మలు. ఒకదాని మీద ఒకటి మూసి, మధ్యలోకి కరిగిన ప్లాస్టిక్ ఎక్కిస్తే, చల్లారాక పట్టాల కింద అడ్డంగా ఉండే స్లీపర్ల వరుస బయటికి వస్తుంది. ప్రతి స్లీపరు మీదా పట్టాను అటూ ఇటూ పట్టుకునే సన్నని కొక్కేలు ఉంటాయి. ఆడవాళ్ళు వాటిని చెవులు అనేవారు. చీమ తలకంటే చిన్నవి. జర్మన్ సిల్వర్ అనే లోహంతో చేసిన పట్టాను ఒక కొసనుంచి ఆ చెవుల్లోకి దూర్చుకుంటూ పోవాలి. తొందరపడితే చెవి తెగుతుంది. చెవి తెగితే పట్టా పక్కకు జరుగుతుంది, రైలు పడిపోతుంది. షెడ్డులో ఆ పని చేసినవాళ్ళంతా వల అల్లిన ఆడవాళ్ళే.

కాసమ్మకు తరవాత్తరవాత ఆఖరి పని అప్పజెప్పారు. తయారైన ప్రతి పట్టా మీదా ఒక ఇత్తడి బండిని చేత్తో ఈ కొస నుంచి ఆ కొసకు నడిపించాలి. బాగున్న పట్టా మీద బండి చప్పుడు చెయ్యదు. ఎక్కడైనా టిక్కుమంటే ఆ ముక్క పక్కకు పోతుంది. పట్టా మంచిదైతే ఆమె మొహంలో ఏమీ మారేది కాదు. టిక్కుమంటే మాత్రం, ఎవరో పిలిచినట్టు తల ఎత్తేది. దుర్గాభవాని ఆమెను అనుకరించి అందర్నీ నవ్వించేది. దుర్గాభవాని అదే పల్లె పిల్ల, కాసమ్మను అక్క వరసలో అప్ప అని పిలుస్తుంది, నోరు ఊరుకోదు. అప్పకు మొగుడు పిలిచినా వినపడదు గాని టిక్కంటే వినపడతాదని అనేది.

ఆ పనిలో ఉండగానే కాసమ్మకు కూతురు రింకి పుట్టింది, బడికి వెళ్ళింది, కాలేజీకి వచ్చింది. నరసన్న గారి భార్య పోయింది. ఆయన చేతులు వణకడం మొదలైంది. గీత గీయలేని చేతులతో షెడ్డు నడపలేనన్నారు. పడమటి వైపు పెద్ద ఊళ్ళో ఉన్న ఒక బొమ్మల కంపెనీ కొనడానికి వచ్చింది. పట్టాల పేరు, అచ్చు, గీసిన కాగితాలు, అన్నీ. షెడ్డు ఇక్కడే ఉంటుంది, ఆడవాళ్ళంతా పనిలోనే ఉంటారు అని వాళ్ళు మాట ఇచ్చారు. ఆ మాట విన్నాకే ఆయన సంతకం పెట్టారు. దాన్ని కాగితం మీద రాయించుకోవాలని మాత్రం ఆయనకు తోచలేదు. మనిషి ఎదురుగా కూర్చుని చెప్పిన మాట సరిపోతుందనుకున్నారు.

రెండు నెలలు గడవకముందే, అచ్చును తమ ఫ్యాక్టరీకి పంపమని కబురు వచ్చింది. పని అక్కడే చేసుకుంటారట. అక్కడ యంత్రాలు కొత్తవట. నరసన్న గారు ఫోన్లో ఏదో అన్నారు. తరవాత గట్టిగా అన్నారు. తరవాత ఫోన్ బల్ల మీద పెట్టేశారు.

లారీ రావలసిన రోజుకు ముందు సాయంత్రం, యంత్రం నడిపే అప్పలరాజు అచ్చు లోపలంతా నూనె పూసి, గుడ్డ చుట్టి, బల్ల మీద పెట్టాడు. మర్నాడు అది పోవడం చూడలేనని పనికి రాలేదు.

కాసమ్మ వచ్చింది. చేతిలో ఇత్తడి బిందె ఉంది. తెల్లవారుతూనే సముద్రంలోకి మోకాలి లోతు దిగి ముంచుకుని తెచ్చిన నీళ్ళు.

వాళ్ళల్లో పడవ అమ్మితే ఊరికే ఇచ్చెయ్యరు. కొన్నవాడు తాడు పట్టుకునే ముందు, అమ్మిన ఇంటి ఆడది సముద్రపు నీళ్ళు తెచ్చి పడవకు స్నానం చేయిస్తుంది. పసుపు రాస్తుంది, బొట్టు పెడుతుంది. ఇక నువ్వు వాళ్ళ దానివి, మా మీద బెంగ పెట్టుకోకు, వాళ్ళకు కడుపు నింపు అని చెబుతుంది. అలా చెప్పకుండా పంపిన పడవ కొత్త చేతికి లొంగదంటారు. నీళ్ళు సముద్రానివే కావాలి. బావి నీళ్ళు పడవకు తెలియవు.

కాసమ్మ గుడ్డ విప్పింది. దుర్గాభవానీ మరో ఇద్దరూ పట్టగా అచ్చు రెండు దిమ్మలూ విడదీసి పక్కపక్కన పెట్టింది. లోపల నూనె జిడ్డుగా ఉంది. జిడ్డు మీద పసుపు నిలవదు. తడిగుడ్డతో శుభ్రంగా తుడిచింది. నూనె పూయడం, తుడవడం అన్నీ అప్పలరాజు పనులు. ఆమె ఎప్పుడూ షెడ్డుకు ఈ కొసన, ఇత్తడి బండి దగ్గర ఉండేది. అచ్చు లోపలి మొహం అంత దగ్గరగా చూడడం ఆమెకు అదే మొదటిసారి. చెవులు పుట్టే సన్నని గుంటలు వరుసగా, దువ్వెన పళ్ళలాగా ఉన్నాయి. ముద్దొచ్చింది.

నీళ్ళు పోసింది. గుంటలన్నీ తడిసేట్టు చేత్తో రాసింది. పసుపు, కుంకుమ పెట్టింది. ఆడవాళ్ళు వింటూ ఉండగా దానికి చెప్పవలసిందంతా చెప్పింది. అక్కడి చేతులు కొత్తవని, కోపగించుకోవద్దని, బాగా బతకమని. కొంగుతో అద్ది, దిమ్మలు మూయించి, గుడ్డ మళ్ళీ చుట్టింది.

నరసన్న గారు గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నారు. మొదటినుంచీ అక్కడే ఉన్నారు. ఏమీ అనలేదు. ఆయన ఏడుస్తున్నారనుకుని ఆడవాళ్ళు అటు చూడలేదు.

లారీ వచ్చి తీసుకుపోయింది. షెడ్డుకు తాళం పడింది. కాసమ్మ మళ్ళీ ఎండుచేపల గంప ఎత్తుకుంది. దుర్గాభవాని రంభ అనే ఊళ్ళో రొయ్యలు ఒలిచే చోట చేరింది. రోజూ బస్సులో వెళ్ళి రావడమే సగం పని అనేది. వానాకాలం అలాగే పోయింది.

చలి మొదలయ్యాక ఒక సాయంత్రం రింకి ఫోన్లో ఒక వీడియో చూపించింది. ఎవరో తెల్లాయన. పాత ఫొటోలో ఉన్నాయన కాదు గాని అలాంటివాడే. బల్ల మీద పెట్టె ఉంది. పెట్టె మీద తమ పట్టాల పేరే ఉంది. ఆయన ఒక పట్టా ముక్క తీసి, వేలితో కొంచెం నెట్టాడు. పట్టా చెవుల్లోంచి ఊడి వచ్చింది. ఇంకొకటి తీశాడు. అదీ అంతే. ఆయన అరవలేదు. పెట్టె మూసి, దాని మీద చెయ్యి పెట్టి, మెల్లగా ఏదో అన్నాడు.

ఏమన్నాడని కాసమ్మ అడిగింది. ముప్పయ్యేళ్ళ నుంచి ఎప్పటికైనా పూర్తి చెయ్యాలని ఒక లైను కట్టుకుంటున్నాడట, ఇవే పట్టాలతో. ఇప్పుడు మిగిలిన ముక్కకు ఇవి పనికిరావు, వేరేవి దీనికి అతకవు అంటున్నాడు అని రింకి చెప్పింది. వీడియో కింద చాలామంది అదే గోల పెడుతున్నారని, కంపెనీ చేతులు మారాక చవక ప్లాస్టిక్ కలుపుతున్నారని తిడుతున్నారని కూడా చెప్పింది.

కాసమ్మ ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. అయినా లోపల ఎక్కడో చిన్న సంతోషం కదిలింది. మనం లేకపోతే వాళ్ళ వల్ల కాలేదు అనే సంతోషం. దాన్ని ఆమె దాచుకోలేదు. పల్లెలో ఆ పని చేసిన ఆడవాళ్ళందరికీ ఆ సంతోషం ఉంది.

అది నిజమే అన్నట్టు సంక్రాంతి దాటాక కబురు వచ్చింది. కంపెనీ అచ్చును వెనక్కి తెస్తోంది. పాత షెడ్డులో, పాత యంత్రం మీద, పాత మనుషులతో ఒకసారి పట్టాలు తీసి చూస్తారు. బాగా వస్తే పని మళ్ళీ ఇక్కడే పెడతారు. రాకపోతే ఈ పట్టాల తయారీయే మానేస్తారు. కబురు చెప్పినవాడు ప్రకాష్, దగ్గర్లోని అస్కా ఊరి కుర్రాడు, ఆ కంపెనీలో ఇంజనీరు. కాసమ్మను ఒడియాలో మాఉసీ, అంటే పిన్నీ, అని పిలిచాడు. తనకూ ఇక్కడ పని జరగడమే ఇష్టమని, అస్కా బదిలీ దొరికినట్టే ఉంటుందని నవ్వాడు.

ఆ రోజు అందరూ ఉతికిన చీరలు కట్టుకుని వచ్చారు. జీపులోంచి అచ్చును దింపుతుంటే దుర్గాభవాని ఊరుకోలేదు.

"సూసినావా అప్పా, పిల్ల పుట్టింటికి ఒచ్చీసింది. అత్తోరింట్లో కూడు సరిపోనేదేమో."

"నోరు ముయ్యే," అంది కాసమ్మ. అంటూనే నవ్వింది.

"నానెందుకు మూస్తాను. రంభ బస్సు ఇంక ఎక్కనని డ్రైవరుకి సెప్పీసి మరీ ఒచ్చినాను."

నరసన్న గారు రాలేదు. ఒంట్లో బాగోలేదన్నారు. అప్పలరాజు యంత్రం వేడెక్కించాడు. మంచి ప్లాస్టిక్ గింజలు, ఇదివరకు వాడినవే, ప్రకాష్ వెంట తెచ్చాడు. కాబట్టి చవక సరుకు అనే మాటకు తావు లేదు. మొదటి వరుస బయటికి వచ్చింది. అప్పలరాజు దాన్ని కాసమ్మ చేతిలో పెట్టాడు.

ఆమె చెవుల మీద వేలు నడిపింది. కొంత దూరం బాగానే ఉంది. తరవాత ఒక చెవి సగమే ఉంది. తరవాత రెండు బాగున్నాయి. మళ్ళీ సగం. ఇంకో వరుస తీశారు. అదే చోట, అవే చెవులు. పట్టా దూర్చి చూద్దామని దుర్గాభవాని కూర్చుంది. పట్టా దూరింది. కాసమ్మ దాని మీద ఇత్తడి బండి పెట్టి నడిపించింది. బండి సగం దూరం పోయి పక్కకు ఒరిగి పడింది.

యంత్రం ఆపి అచ్చు విప్పారు. ప్రకాష్ ఫోన్ లైటు వేసి అద్దం పెట్టి చూశాడు. తరవాత అందర్నీ చూడమన్నాడు. గుంటల్లో ఉక్కును తుప్పు తినేసి ఉంది. లోపలంతా మశూచి మచ్చల్లా ఉంది. అక్కడ ప్లాస్టిక్ అంటుకుపోతోంది, బయటికి తీసేటప్పుడు చెవి చిరుగుతోంది. అంత సన్నని చోట మళ్ళీ నునుపు చెయ్యడం కుదరదు. చేస్తే గుంట పెద్దదై పట్టా వదులవుతుంది. కొత్త అచ్చు చేయించడానికి కంపెనీ ఒప్పుకోదు.

తప్పు తమదేనని అతనే అన్నాడు. అచ్చు వచ్చిన తరవాత విప్పకుండానే వానాకాలమంతా గోదాములో పెట్టేశారట. గోడలకు చెమ్మ పట్టే గోదాము.

అప్పలరాజుకు ఆ మాట ఎక్కలేదు.

"సెమ్మయితే ఏటి? నూనె రాసినాను నాను. లోపలా బయటా రాసినాను. నూనె ఉంటే సెమ్మేటి సేస్తాది?"

ప్రకాష్ తల అడ్డంగా ఊపాడు. విప్పినప్పుడు నూనె ఛాయ లేదన్నాడు. మూలల్లో మాత్రం పసుపుపచ్చగా ఏదో ఎండిపోయి ఉందట. పాత గ్రీజు అనుకున్నారట.

కాసమ్మ చేతిలో ఇంకా ఆ బండి ఉంది. బల్ల మీద పెట్టింది. పెట్టి, దాని పక్కనే చెయ్యి ఆనించి నిలబడింది. ఉప్పునీళ్ళలో ఇనప మేకు ఏమవుతుందో సముద్రం ఒడ్డున పుట్టిన మనిషికి ఎవరూ చెప్పనక్కర్లేదు. పడవ మేకులు మార్చని ఏడాది వాళ్ళ ఇంట్లో లేదు. పడవ చెక్కది. ఇది ఉక్కుది. నీళ్ళు పోసిన ఆ రోజు ఆమెకు అది పడవలాగే కనిపించింది.

కాసమ్మ దుర్గాభవాని మొహంలోకి చూసింది. దానికి తట్టలేదు. నీళ్ళు పోసినప్పుడు పక్కనే ఉంది, అయినా తట్టలేదు. అందరూ ప్రకాష్ చుట్టూ చేరి, అతన్ని వదిలి అతని కంపెనీని తిడుతున్నారు. అతను తల వంచుకుని పడుతున్నాడు. చాలాసేపటికి షెడ్డుకు మళ్ళీ తాళం వేశారు.

కాసమ్మ పల్లెకు వెళ్ళే ఆటో ఎక్కలేదు. అంకులి వెళ్ళి నరసన్న బాబుకు చెప్పాలంది. దుర్గాభవాని తోడు వచ్చింది. వీధి మొదట్లో మందుల కొట్టు దగ్గర, అత్తకు మాత్రలు కొనాలని ఆగిపోయింది. కాసమ్మ ఒక్కతే ఇంట్లోకి వెళ్ళింది.

నరసన్న గారు ముందు గదిలో పడకకుర్చీలో ఉన్నారు. ఆమె నేల మీద కూర్చుంది. దారంతా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ రాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. అచ్చు పాడైపోయిందని. ఇక పట్టాలు రావని. పాడు చేసింది కంపెనీ కాదని, తనేనని. మీ చేత్తో చేసిన దాన్ని నా చేత్తో చంపేశాను, నన్ను ఏమైనా అనండి అని ఆయన పాదాల మీదకు వంగబోయింది.

ఆయన కాళ్ళు వెనక్కి తీసుకున్నారు.

"నేను చూస్తూనే ఉన్నాను కాసమ్మా," అన్నారు.

ఆమెకు అర్థం కాలేదు. ఏడుస్తున్నారనుకున్నాం బాబూ అంది.

ఏడవలేదన్నారు ఆయన. బిందె చూసినప్పుడే అవి ఏ నీళ్ళో తనకు తెలిసిందన్నారు. అవి ఉక్కును ఏం చేస్తాయో కూడా తెలుసునన్నారు. చెప్పడానికి నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. ఆమె చెయ్యి చేసిందే గాని, చేయించింది తన నోరే అన్నారు.

కాసమ్మ తల ఎత్తింది.

"ఎందుకు సెప్పనేదు బాబూ?"

ఆయన మెల్లగా, గోడకు చెబుతున్నట్టు చెప్పారు. మాట ఇచ్చి తప్పారని కడుపు మండింది. మీ అందర్నీ రోడ్డు మీద వదిలేశారని. కొంచెం తుప్పు పడుతుంది, మొదటి వారంలోనే పట్టాలు పాడుగా వస్తాయి, తల వంచుకుని అచ్చును నా దగ్గరికే తెస్తారు, నేను శుభ్రం చేయించి పని మళ్ళీ ఇక్కడే పెట్టమంటాను అనుకున్నారు. దాన్ని విప్పకుండా నెలల తరబడి పడేస్తారని ఆయన లెక్కలో లేదు.

"మీకోసమే అనుకున్నాను," అన్నారు.

గదిలో పంకా తిరుగుతోంది. కాసమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుని విప్పుకుంటూ ఉంది. ఆమెకు కోపం రాలేదు. కోపం వస్తే బాగుండేది.

"బాగా బతకమని సెప్పినాను బాబూ దానికి," అంది. "నా నోటితో సెప్పినాను. మీరు ఇన్నారు."

ఆయన కళ్ళు మూసుకున్నారు.

మిగతావాళ్ళకి చెబుతావా అని అడిగారు. అడగడంలో భయం ఉంది. ఇన్నేళ్ళలో ఆయన ఆమెను ఏదైనా భయంగా అడగడం అదే మొదలు.

"ఏటని సెప్పమంటారు? నాను నీళ్ళు పోసినానని సెప్పనా, మీరు పొయ్యనిచ్చినారని సెప్పనా?"

లేచి, చీర సర్దుకుని వచ్చేసింది.

దుర్గాభవాని మందుల పొట్లం పట్టుకుని ఎదురొచ్చింది. బాబు ఏమన్నారని అడిగింది. నిద్రపోతున్నారు, లేపలేదు అంది కాసమ్మ. పాపం, ఈ దెబ్బకు మనిషి లేస్తాడో లేదో, ఆదివారం అందరం వెళ్ళి పలకరిద్దాం అంది దుర్గాభవాని.

ఆదివారం అందరూ వెళ్ళారు. అప్పలరాజు అరటిపళ్ళు తెచ్చాడు. కాసమ్మ రాకుండా ఉండడానికి సాకు వెతికింది. రానంటే ఎందుకని అడుగుతారు. వెళ్ళింది. అందరికీ వెనక, గుమ్మానికి ఆనుకుని కూర్చుంది.

నరసన్న గారు సన్నగా అయిపోయారు. ఎవరు ఏమడిగినా ఊఁ అంటున్నారు. దుర్గాభవాని ఆయన కుర్చీ దగ్గర నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, మీరు బెంగెట్టుకోకండి బాబూ అంటోంది. బిడ్డలా పెంచి ఇస్తే, గోదాములో పడేసి చంపుకున్నారు, అలాంటి మనుషులకు మంచి జరుగుతుందా అంటోంది. ఆయన కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నారు. వణుకు కనిపించకుండా పట్టుకున్నారని కాసమ్మకు తెలిసింది.

"అవునా కాదా? ఆలే గదా సంపీసినారు," అని దుర్గాభవాని అందరి వైపూ తిరిగింది.

అవునన్నాడు అప్పలరాజు. అవునన్నారు ఆడవాళ్ళు. అందరూ అన్నాక కాసమ్మ ఒక్కతే మిగిలింది. దుర్గాభవాని ఆమె వైపే చూస్తోంది. కుర్చీలో ఆయన చూపు నేల మీద ఉంది.

"అవును," అంది కాసమ్మ.